20 నానోమీటర్ల ఫిల్మును నమ్మేముందు

"మేడమ్, పల్చటి ఫిల్ములో టీజీ 20 డిగ్రీలు పడిపోయింది!" ఎమ్మెస్సీ ప్రాజెక్టుల సీజన్‌లో మా ల్యాబ్‌లో తరచూ వినపడే మాట ఇది. టీజీ అంటే పాలిమర్ చల్లబడి గాజులా బిగుసుకునే ఉష్ణోగ్రత. ఆ మొహంలో సంబరం చూశాక కాదనడానికి నోరు రాదు. కానీ అడగాల్సినవి అడగాలి కదా. ఫిల్మును వేడిలో ఎంతసేపు ఉంచావు? కొలిచేటప్పుడు చుట్టూ ఉన్నది గాలా, నైట్రోజనా? పైన అల్యూమినియం వేశావా? చల్లబరుస్తూ కొలిచావా, వేడి చేస్తూనా? వీటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ 20 డిగ్రీలను మందం ఖాతాలో వెయ్యలేం.

పల్చటి పాలిమర్ ఫిల్మును డైఎలక్ట్రిక్ పద్ధతిలో, అంటే రెండు లోహపు పట్టీల మధ్య పెట్టి ఏసీ వోల్టేజికి ఎలా స్పందిస్తుందో చూస్తూ, ఎలా కొలవాలో, నేరం మందం మీద మోపేముందు మిగతా అనుమానితులను ఎలా ఏరెయ్యాలో ఇక్కడ రాస్తున్నాను. స్పిన్ కోటర్ (గిర్రున తిప్పి ద్రావణాన్ని పల్చగా పరిచేది), లోహపు పట్టీలు వెయ్యడానికి వాక్యూమ్ కోటింగ్ యూనిట్, వాక్యూమ్ ఓవెన్, కెపాసిటెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ ఉంటే చాలు, మామూలు కాలేజీ ల్యాబ్‌లోనే అయ్యే పని. విశాఖలో చేసేవాళ్లకు తేమ అనే ఇంకో తలనొప్పి ఉంది. దాని దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగుతాను.

అసలేం మారుతుంది

టీజీ అంటే గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత. దానికి పైన పాలిమర్ గొలుసులోని చిన్న చిన్న భాగాలు, అంటే సెగ్మెంట్లు, అటూ ఇటూ మెదులుతుంటాయి. కానీ ఏ సెగ్మెంటూ ఒంటరిగా కదల్లేదు, చుట్టుపక్కలవి కూడా సర్దుకోవాలి. సాయంత్రం పూట గాజువాక బస్సును తలుచుకోండి. నడిమధ్యన ఇరుక్కున్నవాడు దిగాలంటే పదిమంది జరగాలి. ఫుట్‌బోర్డు మీదున్నవాడు ఇట్టే దిగిపోతాడు. రాడ్డు గట్టిగా పట్టుకున్నవాడు ఎవరు నెట్టినా కదలడు. ఫిల్ములో గాలి తగిలే పై ముఖం ఫుట్‌బోర్డు లాంటిది. అడుగున గాజుకో లోహానికో అతుక్కున్న గొలుసులు రాడ్డు పట్టుకున్నవాళ్లు.

మందం 1 మైక్రాన్ ఉన్నప్పుడు ఈ రెండు అంచుల వాటా లెక్కలోకే రాదు. 20 నానోమీటర్లకు దిగేసరికి అంచులదే పెత్తనం. లక్ష అణుభారం ఉన్న పాలీస్టైరీన్ గొలుసు ఉండ చుట్టుకుని ఉన్నప్పుడు దాని రేడియస్ ఆఫ్ జైరేషన్ (ఆ ఉండ సైజుకు కొలత, ఇంచుమించు వ్యాసార్ధం లాంటిది) 8, 9 నానోమీటర్లు ఉంటుంది. అంటే ఆ ఫిల్ములో ఒకే గొలుసు దాదాపు పైనుంచి కిందదాకా ఆనుతుంది.

అందుకే ఫలితాలు ఒకే వైపు రావు. 1994లో కెడ్డీ, జోన్స్, కోరీ సిలికాన్ మీద పరిచిన పాలీస్టైరీన్ ఫిల్ములను ఎలిప్సోమెట్రీతో (ఫిల్ము మీద పడి తిరిగొచ్చే కాంతిని బట్టి మందం చెప్పే పద్ధతి) కొలిచి, సుమారు 40 నానోమీటర్ల కిందికి వెళ్లేకొద్దీ టీజీ తగ్గుతుందని, బాగా పల్చటి ఫిల్ముల్లో 25 డిగ్రీల దాకా పడుతుందని చెప్పారు. వాళ్లే పీఎంఎంఏతో (యాక్రిలిక్ ప్లాస్టిక్) చేస్తే బంగారం మీద టీజీ తగ్గింది, సిలికాన్ ఆక్సైడ్ మీద కొద్దిగా పెరిగింది. ఆక్సైడ్ మీదుండే హైడ్రాక్సిల్ గ్రూపులు పాలిమర్‌లోని ఎస్టర్ గ్రూపులను పట్టి ఉంచుతాయి, బంగారం అలా పట్టదు. 1996లో ఫారెస్ట్ బృందం రెండు వైపులా గాలే ఉన్న పాలీస్టైరీన్ ఫిల్ములను కొలిస్తే తగ్గుదల 70 డిగ్రీల దాకా పోయింది.

ఇక్కడితో ఆపేసి "పల్చనైతే టీజీ తగ్గును" అని బట్టీ పట్టేవాళ్లే ఎక్కువ. లైప్‌జిగ్‌లో క్రెమర్ బృందం ఎంతో జాగ్రత్తగా తయారుచేసిన ఫిల్ముల్లో కొద్ది నానోమీటర్ల దాకా చెప్పుకోదగ్గ మార్పే కనపడలేదు. 2011లో నపోలిటానో, వుబ్బెన్‌హోర్స్ట్ ఇంకో మెలిక చూపించారు. టీజీకి పైన ఎక్కువసేపు ఉంచేకొద్దీ గొలుసులు అల్యూమినియం మీద మెల్లగా, తిరిగి ఊడిరాకుండా అతుక్కుంటాయి. అలా అతుక్కునేకొద్దీ పల్చటి ఫిల్ము విలువ మామూలు విలువ వైపు జరుగుతుంది. పాలిమర్ అదే, మందం అదే, ఓవెన్‌లో ఉంచిన గంటలు మారితే జవాబు మారిపోయింది.

ఇంకో మాట కూడా ముందే అనుకుందాం. మనం కొలిచేది కెపాసిటర్, కాబట్టి ఫిల్ముకు రెండు వైపులా లోహమే ఉంటుంది. గాలి తగిలే ముఖం లేదు. మీ గ్రాఫును ఎలిప్సోమెట్రీ గ్రాఫు పక్కన పెట్టి "కలవలేదు" అని దిగులుపడితే ఆ దిగులుకు అర్థం లేదు.

ఏ పాలిమర్‌తో మొదలెట్టాలి

అందరూ పాలీస్టైరీన్ అంటారు, ఎందుకంటే పేపర్లన్నీ దాని మీదే. డైఎలక్ట్రిక్ పనికి మాత్రం కొత్తవాళ్లకు అది మంచిది కాదు. దాని డైపోల్, అంటే అణువులో ప్లస్, మైనస్ ఆవేశాలు విడిగా ఉండటం, చాలా బలహీనం. వోల్టేజికి తిరిగేది అదే కాబట్టి సిగ్నల్ నేల మీద పాకుతుంటుంది. మొదటి ఫిల్ముకు నేను పాలీవినైల్ ఎసిటేట్ ఇస్తాను. డైపోల్ బలంగా ఉంటుంది, టొల్యూయిన్‌లో చక్కగా కరుగుతుంది, టీజీ 30, 40 డిగ్రీల మధ్యలో ఉంటుంది కాబట్టి పెద్ద హీటరు అక్కర్లేదు. వడ్రంగులు వాడే తెల్ల జిగురులో ఉండేది కూడా ఇదే కదా అని దాన్ని తెచ్చేవాళ్లున్నారు. వద్దు. అందులో నీళ్లు, స్టెబిలైజర్లు, పాలిమర్‌ను మెత్తబరిచే ప్లాస్టిసైజర్లు ఉంటాయి. అణుభారం రాసి ఉన్న శుద్ధమైన పాలిమరే కొనండి.

దీనితో ఒక చిక్కు ఉంది. మే నెలలో ఏసీ లేని గదిలో పాలీవినైల్ ఎసిటేట్ ఫిల్మును బల్ల మీద వదిలేస్తే అది తన టీజీ దగ్గరే కూర్చుని ఉంటుంది. మీరు వేరే పని చూసుకుంటుంటే అది తన పాటికి తాను ఎనీల్ అవుతుంటుంది, అంటే వేడికి లోపల సర్దుకుపోతుంటుంది. కాబట్టి ఫిల్ము వేసిన తేదీతో పాటు ఎక్కడ, ఎంత వేడిలో దాచారో కూడా రాసిపెట్టుకోవాలి.

పాలీస్టైరీన్ అనగానే మా ఊళ్లో ఎవరికైనా 2020 మే 7 తెల్లవారుజాము గుర్తొస్తుంది. ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి ఆ రోజు లీకై బయటికొచ్చింది స్టైరీన్, గొలుసుగా అల్లుకోకముందు ఉండే చిన్న అణువు. పాలిమర్ వేరు, అది వేరు. కానీ గొలుసులో చేరకుండా మిగిలిన స్టైరీన్ కొంచెం ఉన్నా ప్లాస్టిసైజర్‌లా పనిచేసి టీజీని దించేస్తుంది. ఫిల్ములో ఇంకిపోయిన టొల్యూయిన్ చేసేదీ అదే పని. అందుకే పాలిమర్‌ను మెథనాల్‌లో అవక్షేపం చేసి, వాక్యూమ్‌లో ఆరబెట్టాకే వాడాలి.

గాజు, అల్యూమినియం, టొల్యూయిన్

మైక్రోస్కోప్ స్లైడును ముక్కలు చేసి, సబ్బునీళ్లు, డీఅయోనైజ్డ్ నీళ్లు, ఎసిటోన్, ఐసోప్రొపనాల్ వరుసలో అల్ట్రాసోనిక్ బాత్‌లో కడగండి. మా ల్యాబ్ సిరిపురం నుంచి బీచ్ వైపు దిగే దారిలో ఉంది. సముద్రం వైపు కిటికీ తెరిచి ఉంచితే సాయంత్రానికి గాజు మీద కంటికి కనపడని ఉప్పు పొర పేరుకుంటుంది. ఆ అయాన్లు తేమతో కలిసి తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర కండక్టివిటీని పెంచి గ్రాఫును పాడుచేస్తాయి. కడిగిన గాజును అదే రోజు వాడెయ్యండి.

కింద 2 మిల్లీమీటర్ల వెడల్పున అల్యూమినియం పట్టీ. అది పల్చగా వద్దు, 100 నానోమీటర్లయినా ఉండాలి. ఎందుకో కొలత దగ్గర తెలుస్తుంది. దాని మీద పాలిమర్ స్పిన్ కోటింగ్. ద్రావణాన్ని 0.2 మైక్రాన్ పీటీఎఫ్ఈ సిరంజి ఫిల్టర్‌తో వడకట్టండి. 20 నానోమీటర్ల ఫిల్ముకు అర మైక్రాన్ దుమ్ము కణమంటే కొండ కిందే లెక్క, అక్కడ షార్ట్ అవుతుంది. 1 శాతం ద్రావణాన్ని 2000 నుంచి 3000 ఆర్పీఎం మీద తిప్పితే మందం పదుల నానోమీటర్లలో వస్తుంది. మందాన్ని మార్చాలంటే వేగాన్ని కాదు, గాఢతను మార్చండి. వేగం నాలుగింతలు చేసినా మందం సుమారు సగమే అవుతుంది.

క్లోరోఫామ్, టీహెచ్ఎఫ్ లాంటివి మా వాతావరణంలో అచ్చిరావు. అవి గబగబా ఆవిరై ఫిల్మును చల్లబరుస్తాయి. చల్లబడ్డ చోట గాలిలోని తేమ మంచులా దిగుతుంది. ఫిల్ము పాలమీగడలా తెల్లబడితే కారణం అదే, మైక్రోస్కోప్ కింద చూస్తే సన్నటి గుంటలు కనపడతాయి. టొల్యూయిన్ 110 డిగ్రీల దాకా మరగదు కాబట్టి నిదానంగా పోతుంది, ఈ బాధ తక్కువ. ద్రావణాన్ని ఫ్రిజ్‌లో దాచేవాళ్లు సీసాను గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకూడదు. ఈ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యాలి, టొల్యూయిన్ ఆవిరి తలనొప్పి తెప్పిస్తుంది, మంట కూడా అంటుకుంటుంది.

డెసికేటర్‌లో నీలం సిలికా జెల్ వేస్తాం కదా. వానాకాలంలో డెసికేటర్ మూత నాలుగుసార్లు తీసి పెడితే చాలు, మా అటెండర్ "గులాబీ రంగైపోనాది మేడమ్" అంటూ ట్రే పట్టుకొస్తాడు. అందులో ఉంచామన్న ధీమాతో ఉండకండి, రంగు చూడండి. పాలీవినైల్ ఎసిటేట్, పీఎంఎంఏ రెండూ నీళ్లు తాగుతాయి, తాగిన మేరకు టీజీ దిగుతుంది. పల్చటి ఫిల్ము నిమిషాల్లోనే గాలిలోని తేమతో సమానమైపోతుంది. మందపాటి ఫిల్మును బాగా ఆరబెట్టి, పల్చటి దాన్ని ఆరబెట్టకుండా కొలిస్తే మధ్యలో వచ్చే తేడా అచ్చం మందం ప్రభావంలాగే కనపడుతుంది. నన్నడిగితే కాలేజీ ల్యాబుల్లో దొరికే "కన్ఫైన్‌మెంట్"లో, అంటే పల్చటి చోట ఇరుక్కోవడం వల్ల వచ్చిందనుకునే మార్పులో, పెద్ద వాటా ఈ నీళ్లదే. స్పిన్నింగ్ పనులకు జనవరి మధ్యాహ్నాలు కాస్త నయం.

ఫిల్ము వేశాక పైన అడ్డంగా ఇంకో 2 మిల్లీమీటర్ల పట్టీ. మాస్కును ఫిల్ముకు తగిలించకుండా దగ్గరగా పెట్టండి. రెండు పట్టీలు ఒకదానిమీదొకటి దాటే చోట 4 చదరపు మిల్లీమీటర్ల కెపాసిటర్ తయారవుతుంది. కింది పట్టీ చివర పాలిమర్‌ను టొల్యూయిన్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిచేసి, అక్కడ సిల్వర్ పేస్టుతో తీగ అతికించండి. పేస్టులోని ద్రావకం ఫిల్ము మీదికి పాకితే కొలిచే భాగమే కరిగిపోతుంది, కాబట్టి కెపాసిటర్‌కు ఎంత దూరంగా అతికిస్తే అంత మంచిది.

మల్టీమీటర్‌ను దూరం పెట్టండి

షార్ట్ అయిందేమో చూద్దామని చేతికి మొదట తగిలేది మల్టీమీటర్. ఓమ్‌ల రేంజ్‌లో కొన్ని మీటర్లు 2 వోల్టులు, అంతకు మించి కూడా ఇస్తాయి. 20 నానోమీటర్ల మీద 2 వోల్టులంటే మీటరుకు 10 కోట్ల వోల్టులు. బాగున్న ఫిల్ము ఆ పరీక్షలోనే చిల్లు పడిపోయే ప్రమాదం ఉంది. "షార్టే మేడమ్, ముందే పోయింది" అంటారు. ముందు పోలేదు బాబూ, మీటర్ పెట్టినప్పుడు పోయింది. ఎల్‌సీఆర్ మీటర్‌లో 50 మిల్లీవోల్టులు పెట్టి 1 కిలోహెర్ట్జ్ దగ్గర కెపాసిటెన్స్ చూస్తే సరిపోతుంది. లెక్క ప్రకారం రావాల్సిన విలువకు దగ్గరగా వచ్చి, లాస్ (ఫిల్ములో వేడిగా పోయే విద్యుత్ శక్తి) చిన్నగా ఉంటే మంచి ప్యాడ్, అంటే మంచి కెపాసిటర్. ఒక స్లైడు మీద నాలుగైదు ప్యాడ్లు వేసుకుంటే కొన్ని పోయినా పని ఆగదు.

కొలత

టీజీకి పైన, పాలీవినైల్ ఎసిటేట్‌కైతే 80, 90 డిగ్రీల దగ్గర, వాక్యూమ్‌లో కొన్ని గంటలు ఉంచండి. స్పిన్నింగ్‌లో సాగిపోయి బిగుసుకున్న గొలుసులు సర్దుకోవడానికి, టొల్యూయిన్, నీళ్లు పోవడానికి ఈ సమయం కావాలి. తర్వాత పొడి నైట్రోజన్‌లోనో వాక్యూమ్‌లోనో ఉంచి, వేడి నుంచి చల్లబరుస్తూ కొలవండి. టీజీ కింద బిగుసుకుపోయిన ఫిల్ములో పాత జ్ఞాపకాలు మిగిలి ఉంటాయి, వేడి చేస్తూ కొలిస్తే అవన్నీ గ్రాఫులోకి వస్తాయి. చల్లబరిచే వేగం అన్ని మందాలకూ ఒకటే ఉండాలి. వేగం తగ్గించేకొద్దీ టీజీ తగ్గుదల పెద్దదవుతుందని ఫఖ్రాయి, ఫారెస్ట్ 2005లో చూపించారు. ఒక ఫిల్మును గబగబా, ఇంకోదాన్ని తాపీగా చల్లబరిస్తే పోల్చడానికేం మిగలదు.

థర్మోకపుల్‌ను హీటర్ దిమ్మెకు కాకుండా, పక్కనే పెట్టిన ఉత్త స్లైడు పై ముఖానికి అతికించండి.

ఇప్పుడు అసలైన ఉచ్చు. మన 4 చదరపు మిల్లీమీటర్లకు, ఎప్సిలాన్ (డైఎలక్ట్రిక్ స్థిరాంకం) 2.5 అనుకుంటే, 50 నానోమీటర్ల ఫిల్ము కెపాసిటెన్స్ 1.77 నానోఫారడ్లు. 20 నానోమీటర్లకు 4.4. అల్యూమినియం పట్టీల నిరోధం 100 ఓమ్‌లు ఉందనుకోండి. ఆ నిరోధం, ఈ కెపాసిటెన్స్ కలిసి లాస్‌లో తమ సొంత శిఖరాన్ని వేస్తాయి. 50 నానోమీటర్లకు అది సుమారు 900 కిలోహెర్ట్జ్ దగ్గర, 20 నానోమీటర్లకు 360 దగ్గర వస్తుంది. చూసేవాడికి "పల్చనయ్యేకొద్దీ రిలాక్సేషన్ (సెగ్మెంట్లు సర్దుకోవడం) నెమ్మదించింది" అని అచ్చం కన్ఫైన్‌మెంట్‌లా కనపడుతుంది! అందులో అణువుల కదలిక ఏమీ లేదు, పట్టీ నిరోధం తప్ప.

గుర్తు పట్టడం తేలికే. ఆల్ఫా శిఖరం, అంటే సెగ్మెంట్ల కదలిక వల్ల లాస్‌లో వచ్చే అసలు శిఖరం, వేడి పెంచేకొద్దీ ఎక్కువ ఫ్రీక్వెన్సీ వైపు పరుగెడుతుంది. ఈ దొంగ శిఖరం ఉష్ణోగ్రతను పెద్దగా పట్టించుకోదు, ఉన్నచోటే కూర్చుంటుంది. పట్టీని మందంగా, పొట్టిగా వేస్తే దూరంగా పోతుంది. మందం 100 నానోమీటర్లు ఉండాలన్నది ఇందుకే.

గ్రాఫును చదవడం

పాలీవినైల్ ఎసిటేట్‌లో 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఆల్ఫా శిఖరం టీజీకి పాతిక ముప్పై డిగ్రీలు పైన కనపడుతుంది. "టీజీ 65 డిగ్రీలొచ్చింది" అని కంగారుపడకండి. రిలాక్సేషన్ సమయం 100 సెకన్లయ్యే ఉష్ణోగ్రతను టీజీ అంటాం. మీ ఎల్‌సీఆర్ మీటర్ 20 హెర్ట్జ్ కిందికి దిగకపోతే ఆ 100 సెకన్లను నేరుగా చూడలేరు. శిఖరాల ఫ్రీక్వెన్సీలను వోగెల్-ఫుల్చర్-టామన్ సమీకరణంలో పెట్టి కిందికి పొడిగించాలి. పొడిగింపు ఎంత పొడవుంటే అనుమానం అంత పెద్దది. అందుకే నేను పొడిగించిన టీజీలను కాకుండా, నేరుగా చూసిన శిఖరాలను ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర పోల్చమంటాను.

తక్కువ ఫ్రీక్వెన్సీలో కండక్టివిటీ శిఖరాన్ని మింగేస్తే ఎప్సిలాన్ ప్రైమ్ (ఎప్సిలాన్‌లో లాస్ కాకుండా కెపాసిటెన్స్ నుంచి వచ్చే భాగం) నుంచి బయటపడొచ్చు. లాగ్ ఫ్రీక్వెన్సీతో దాని డెరివేటివ్ తీసుకుని మైనస్ 1.57తో గుణించండి. అక్కడ లాగ్ అంటే నేచురల్ లాగ్. ఉత్త డీసీ కండక్టివిటీ అందులో కనపడదు, కప్పడిపోయిన శిఖరం తేలుతుంది.

శిఖరం ఎక్కడుందన్నది ఒక్కటే చూసి వదిలెయ్యకండి. అది వెడల్పయిందా? అయితే పొరపొరకూ వేగం మారుతోందన్నమాట. ఎత్తు తగ్గిందా? అంచున అతుక్కున్న గొలుసుల డైపోల్స్ తిరగడం మానేశాయేమో. ఆ అనుమానం తీరడానికి మందాల వరుస కావాలి. 1/కెపాసిటెన్స్‌ను మందంతో గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. అది సున్నా గుండా పోకుండా పైన తగిలితే, ఫిల్ముతో సిరీస్‌లో ఇంకో పొర ఉందని అర్థం. అల్యూమినియం గాలి తగలగానే కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ కప్పుకుంటుంది. 3 నానోమీటర్ల ఆక్సైడ్‌కు ఎప్సిలాన్ 9 అనుకుంటే, 20 నానోమీటర్ల ఫిల్ము లెక్కలో 4 శాతం తేడా, 10 నానోమీటర్లకు 8 శాతం. ఆ మేరకు ఎత్తు తగ్గితే అది ఆక్సైడ్ వాటా, పాలిమర్‌ది కాదు. అయితే మందాన్ని కెపాసిటెన్స్ నుంచి లెక్కగట్టి ఈ గ్రాఫు గియ్యకూడదు, తిరిగి మొదటికే వస్తారు. అదే ద్రావణాన్ని అదే వేగంతో సిలికాన్ ముక్క మీద తిప్పి ఎలిప్సోమీటర్‌తోనో, బ్లేడుతో గీత గీసి ఏఎఫ్ఎమ్‌తోనో (సూదిమొనతో ఉపరితలాన్ని తడిమి చూసే మైక్రోస్కోప్) కొలవాలి.

పీఎంఎంఏ తీసుకుంటే ఇంకో సాక్షి దొరుకుతుంది. అందులో పక్క గ్రూపుల కదలిక వల్ల వచ్చే బీటా శిఖరం బలంగా ఉంటుంది. అది చాలా చిన్న చోటులో జరిగే కదలిక కాబట్టి మందం తగ్గినా పెద్దగా జరగదు. మీ గ్రాఫులో ఆల్ఫాతో పాటు బీటా కూడా అంతే జరిగిందంటే ముందు థర్మోకపుల్‌ను, తర్వాత తేమను చూసుకోండి.

పాలీస్టైరీన్ చేసేవాళ్లకు ఒక మాట. 2000 ప్రాంతంలో ఫుకావో, మియామోతో చేసినట్టు, పైన చెప్పిన దొంగ శిఖరానికి దూరంగా ఉండే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర కెపాసిటెన్స్‌ను ఉష్ణోగ్రతతో గీసి వాలు మారే చోటు చూడొచ్చు. వేడికి ఫిల్ము మందం పెరిగి కెపాసిటెన్స్ తగ్గుతుంది, టీజీ దగ్గర ఆ వాలు మారుతుంది. అయితే ఇలా వచ్చిన టీజీ, శిఖరం చెప్పే వేగం ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చు. వాలు చెప్పిన టీజీ తగ్గి, సెగ్మెంట్ల వేగం మాత్రం మారకుండా ఉండటం కూడా పరిశోధకులు చూశారు. కాబట్టి రిపోర్టులో "టీజీ" అని ఊరకే రాయకుండా ఏ పద్ధతిలో వచ్చిన టీజీయో రాయండి.

నాకు చూపించడానికి తెచ్చేటప్పుడు

కనీసం ఈ ఫిల్ములు కావాలి: 1 మైక్రాన్‌కు దగ్గర్లో ఒకటి, 200, 100, 50, 20 నానోమీటర్లలో ఒక్కొక్కటి, అన్నీ ఒకే బ్యాచ్ పాలిమర్‌తో, ఒకే ఓవెన్ షెడ్యూల్‌తో. 20 నానోమీటర్ల దానికి తోబుట్టువు ఇంకోటి వేసి దాన్ని ఓవెన్‌లో చాలా ఎక్కువసేపు ఉంచండి. రెండింటి విలువా ఒకటే అయితే సంతోషం. వేరుగా వస్తే మీ ఫిల్ము ఇంకా సర్దుకుంటూనే ఉందని అర్థం, మధ్యలో ఇంకో రెండు సమయాలు పెట్టి ఎటు వెళ్తోందో గీయండి. వీలుంటే కింది పట్టీని అల్యూమినియం బదులు బంగారంతో వేసి మళ్లీ కొలవండి. మందం మారకుండా లోహం మారితేనే శిఖరం జరిగిందంటే, మీరు చూస్తున్నది అంచు ప్రభావం.

గ్రాఫు మూలన అణుభారం, ద్రావకం, మందాన్ని కొలిచిన పద్ధతి, ఎనీలింగ్ ఉష్ణోగ్రత, గంటలు, చల్లబరిచిన వేగం, ఏసీ వోల్టేజి, చుట్టూ ఉన్న వాయువు రాసి ఉండాలి. వోల్టేజి 50 మిల్లీవోల్టులకు, 100కు ఒకే శిఖరం వచ్చిందో లేదో కూడా చూసుకుని రండి.